పైకి చూడమంటే ఎటు చూడాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని తీసి ఒకచోట పెట్టాను. రాసినవాళ్లకు ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా ముగ్గురి బాధా ఒక్క మాట దగ్గరికే వచ్చి ఆగింది. పేర్లు, ఊళ్లు నేనే తీసేశాను.

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది పొదిలి వైపు పల్లె. నాకు 41 ఏళ్లు. ఆరెకరాలు కౌలుకు తీసుకుని కంది వేశాను. పూత మీదుండగా వాన మొహం చాటేసింది. రెండు బోర్లు వేయిస్తే రెండింట్లోనూ దుమ్మే లేచింది. మా ఆవిడ చెవిదిద్దులు తాకట్టులో ఉన్నాయి. బయటి అప్పు నాలుగు లక్షలు దాటింది. మా సంఘ పెద్ద ఒకాయన ఎప్పుడు కనబడినా "లోకం వైపు చూడకు తమ్ముడూ, పైకి చూడు" అంటాడు. అమ్మగారూ, నేను జూన్ నుంచి పైకే చూస్తున్నాను. మబ్బు వస్తుంది, పోతుంది. ఆకాశం చూస్తే ఇప్పుడు నాకు దేవుడు గుర్తుకు రావడం లేదు, వడ్డీ గుర్తొస్తోంది. పైకి చూడటమంటే ఇంట్లో కష్టం కనబడకుండా మొహం తిప్పుకోవడమేనా? ఒక్కోరోజు పొలంలో పాత బావి గట్టు మీద కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోతున్నాను. మా ఆవిడకి ఈ సంగతి చెప్పలేదు.

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలు చదివాక మిగతా సంగతులన్నీ నాకు వెనక్కి వెళ్లిపోయాయి. అందుకని ముందు వాటికే జవాబు. ఈ పేజీ పక్కన పెట్టి, ఇవాళే మీ ఆవిడకి బావి గట్టు సంగతి చెప్పండి. భయపడుతుందని దాస్తున్నారేమో. చెవిదిద్దులు తీసి ఇచ్చిన మనిషి ఈ మాట కూడా మోస్తుంది. మళ్లీ ఆ గట్టు వైపు కాళ్లు లాగితే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వం నడుపుతోంది, డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రయినా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రార్థన చేసేవాడికి ఫోన్ ఎందుకని ఎవరైనా అంటే బైబిల్లోని ఏలీయా ప్రవక్తని గుర్తు చేయండి. ఆయన అడవిలో బదరీవృక్షం కింద కూలబడి "నా ప్రాణం తీసుకో" అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆయన్ని మందలించలేదు, వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డితో నీళ్లు తలదగ్గర పెట్టించాడు. తిని పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మీరు కూడా వేళకి తింటున్నారా, నిద్రపోతున్నారా? అది కూడా రాయండి నాకు.

ఇక మీరు అడిగిన మాట. మీ సంఘ పెద్ద మంచి మనసుతోనే అని ఉంటాడు. కానీ వాన కోసం తలెత్తి తలెత్తి మెడ పట్టేసిన రైతుతో "పైకి చూడు" అనే ముందు ఆ ఏలీయా కథలోనే ఒక అధ్యాయం వెనక్కి వెళ్లి చదివితే బాగుండేది. దేశంలో మూడేళ్లుగా వాన లేదు. ఏలీయా కర్మెలు కొండ ఎక్కాడు. ఎక్కి మబ్బు కోసం ఆకాశం చూస్తూ నిలబడ్డాడా? లేదు. నేల మీద పడి మొహం మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. సముద్రం వైపు చూసి రమ్మని పనివాణ్ణి పంపాడు. వాడు ఆరుసార్లు వెళ్లి, ఏమీ లేదయ్యా అని తిరిగొచ్చాడు. ఏడోసారి వెళ్లినప్పుడు మనిషి చెయ్యంత మబ్బు కనబడింది. అంత ప్రవక్త తరఫున ఆ రోజు తల ఎత్తి చూసింది ఇంకో మనిషి. సంఘం ఉండేది ఇందుకని నేను నమ్ముతాను. మీ పక్కన ఇప్పుడు ఉండాల్సింది "నువ్వు వంగే ఉండు, నీ బదులు నేను వెళ్లి చూసొస్తా" అనే మనిషి, ఏడుసార్లయినా విసుక్కోని మనిషి.

నేను ఆకాశమంటే భయపడి పెరిగినదాన్ని తమ్ముడూ. మాది దివిసీమలో నాగాయలంక దగ్గర ఊరు. 1977 నవంబరు 19, శనివారం. నాకు పదకొండేళ్లు. ఉప్పెన వచ్చినప్పుడు మమ్మల్ని బడి డాబా మీదికి ఎక్కించారు. మా చిన్న తమ్ముడికి నాలుగేళ్లు. మెట్ల దగ్గరే నీళ్లు వాణ్ణి మా అమ్మ చేతుల్లోంచి లాక్కుపోయాయి. తెల్లవారి తుమ్మచెట్లకి ఏమేం చిక్కుకుని ఉన్నాయో నేను ఇక్కడ రాయను. ఆ తర్వాత రెండేళ్లు మబ్బు పడితే మంచం కిందికి దూరేదాన్ని. ఆదివారపు బడిలో "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని పిల్లలంతా వల్లె వేస్తుంటే నాకు నోరు పెగిలేది కాదు. ఆకాశం నాకు వివరించింది వేరే.

మా నాన్న మిషన్ బడిలో పంతులు. సంఘంలో ప్రార్థన చేయమంటే పావుగంటకి గాని ఆపేవారు కాదు. ఉప్పెన అయిన నాలుగో రోజో ఐదో రోజో లారీలో పులిహోర పొట్లాలు వచ్చాయి. అమ్మ, నాన్న, అన్నయ్య, నేను, నలుగురికి రెండు పొట్లాలు అందాయి. నాన్న ఒకటి విప్పి అరచేతిలో పెట్టుకుని, అలవాటు ప్రకారం పైకి చూశారు. పెదాలు కదిలాయి. మాట రాలేదు. చాలాసేపు అలాగే ఉన్నారు. మబ్బు చూడటం భయం కాబట్టి నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆయన తల దించి, గోడకి చేరగిలబడి ఒక్కతే కూర్చున్న ఒక పిల్ల ముందు ఆ పొట్లం పెట్టారు. ఆ పిల్ల ఇంట్లో ఎవరూ మిగల్లేదు. రెండో పొట్లం మేం నలుగురం తిన్నాం. ఆ పిల్ల తర్వాత మా ఇంట్లోనే పెరిగింది. నా చెల్లెలు. ఇప్పుడు బందరులో ఉంటోంది.

పెద్దయ్యాక సువార్తల్లో యేసు ప్రభువు పైకి చూసిన చోట్లన్నీ వెతుక్కున్నాను. ఐదు రొట్టెలు చేతిలో పట్టుకుని చూశాడు, ఎదురుగా ఆకలితో ఉన్న జనం. చెవిటివాడి చెవుల్లో వేళ్లు పెట్టి చూశాడు. అప్పుడు నిట్టూర్చాడని కూడా మార్కు రాశాడు. ఆ నిట్టూర్పు రాసినందుకు మార్కుకి నేను ఎన్నోసార్లు కృతజ్ఞతలు చెప్పుకున్నాను. లాజరు సమాధి మీద రాయి తీశాక, ఆ వాసన దగ్గర నిలబడి చూశాడు. ఏ చోటా కష్టానికి దూరం జరిగి చూడలేదు. నాన్న చేతిలో పొట్లం ఉన్నట్టే ఆయన చేతిలోనూ ఏదో ఒకటి ఉంది.

కాబట్టి మీరు అడిగినదానికి, కాదు తమ్ముడూ, మొహం తిప్పుకోవడం కాదు. అప్పుల లెక్క రాసుకున్న కాగితం చేతిలో పట్టుకునే పైకి చూడండి. వడ్డీ గుర్తొస్తే ఆ అంకెనే దేవుడికి చెప్పండి. 121వ కీర్తన మనకి నోటికి వచ్చు కదా. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అన్న వెంటనే ఏముంది? "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?" అన్న ప్రశ్న. కళ్లెత్తినవాడు మొదట అడిగాడు. మీరూ అడిగే స్థితిలోనే ఉన్నారు.

నేను రిటైరయ్యాక ఒంగోల్లో ఉంటున్నాను. ప్రతి జనవరి 1న చీకటితోనే ప్రార్థనా కొండ ఎక్కుతాను, ఈమధ్య మోకాళ్ల వల్ల మెల్లగా. ఆ కొండ కథ మీ ప్రాంతపు కథే, కాస్త వివరంగా చెబుతాను. 1853లో అమెరికా బాప్టిస్టులు తెలుగు దేశంలో పని ఆపేద్దామా అని సమావేశంలో చర్చించుకున్నారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు కొద్దిమందే. వాళ్ల పటంలో నెల్లూరు ఒక్కటే చుక్క, అందుకే దానికి ఒంటరి నక్షత్రం అని పేరు వచ్చింది. ఆ మరుసటి జనవరి 1న, అంటే 1854లో, నెల్లూరు నుంచి వచ్చిన లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, జూలియా అనే తెలుగు విశ్వాసి, ఇంకో ఇద్దరు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి తెల్లవారే వేళ ప్రార్థన చేశారు. దిగి వెళ్లిపోయారు. ఒంగోల్లో ఉండి పని చేయడానికి జాన్ క్లౌ వచ్చేసరికి 1866 అయింది. పన్నెండేళ్లు.

తర్వాత 1876-78 కరువు. మన తాతల తాతలు చెప్పుకున్న కరువు. క్లౌ ఒకప్పుడు సర్వేయరుగా పనిచేసినవాడు. ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు, ఆకలితో వచ్చినవాళ్లకి కూలి దొరకాలని. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. మట్టి తట్టలు దించి కూర్చున్నవాళ్లకి "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న వాక్యం చదివి వినిపించేవారు. తల మీద తట్ట మోసినవాళ్లకి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. కూలి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆయన కరువు రోజుల్లో పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని సహాయం ఆగిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మన సభల్లో ఈ అంకె చెప్పి చప్పట్లు కొడతారు. నేను మాత్రం పిల్లలకి చెప్పేటప్పుడు కాలువ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. కొండ మీద కళ్లెత్తినవాళ్ల తర్వాత వచ్చినవాళ్లు పారలు పట్టుకున్నారు. ఆ రెండూ కలిపి చెప్పకపోతే కథ సగమే.

వాన పడుతుందని మాటివ్వడం నా చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నవి రెండు చెబుతాను. కౌలు కార్డు లేకపోతే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి. పొలం ఆసామి సంతకానికి వెనకాడితే ఒక పెద్దమనిషి మాట సాయం కావాలి. ఇక్కడే మీ సంఘ పెద్ద పనికొస్తాడు. ఈ పేజీ ఆయనకి చూపించండి. ఆసామి దగ్గరికీ, అప్పిచ్చినాయన దగ్గరికీ మీతో కలిసి రమ్మని అడగండి. నేను అడిగానని చెప్పండి.

ప్రశ్న: మేడం, నేను హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పుడు డాబా మీద పడుకుని, ఆ నక్షత్రాల వెనకే పరలోకం ఉందనుకునేవాణ్ణి. నక్షత్రాల వెనక ఇంకా నక్షత్రాలే ఉంటాయని ఇప్పుడు తెలుసు. "పరలోకమందున్న మా తండ్రీ" అంటుంటే ఎవరో నవ్వుతున్నట్టు టెన్షన్‌గా ఉంటోంది. నా విశ్వాసం పోయినట్టేనా?

జవాబు: నాయనా, పోయింది నువ్వు చిన్నప్పుడు గీసుకున్న బొమ్మ. పోనీ. నేను ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పాను. మబ్బు ఎలా పుడుతుందో పిల్లలకి నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పీ చెప్పీ నా సొంత భయం తగ్గించుకున్నాను. కాబట్టి నీకు తెలిసిన సైన్సుకి నేను వ్యతిరేకిని కాను.

మన తెలుగు బైబిలు మనకి ఒక మేలు చేసింది, ఎవరూ గమనించరు. గ్రీకులో ఆకాశానికీ పరలోకానికీ ఒకటే మాట, ఊరనోస్. హెబ్రీలోనూ అంతే, షామాయిమ్. అనువదించినవాళ్లు తెలుగులో రెండు మాటలు వాడారు. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం 11వ వచనం తీసి చూడు. "మీరెందుకు నిలిచి ఆకాశమువైపు చూచుచున్నారు?" అని తెల్లబట్టల మనుషులు శిష్యుల్ని అడుగుతారు. అదే వచనంలో యేసు వెళ్లింది మాత్రం "పరలోకమునకు". ఒక్క వచనంలోనే శిష్యుల కళ్లు ఉన్న చోటు ఒకటి, ప్రభువు ఉన్న చోటు ఒకటి. సొలొమోను రాజు మందిరం ప్రతిష్ఠించిన రోజునే "ఆకాశ మహాకాశములు సహితము నిన్ను పట్టజాలవు" అని ప్రార్థించాడు. దేవుడు నక్షత్రాల వెనక ఒక గదిలో ఉంటాడని మన పెద్దలు కూడా అనుకోలేదు.

అయినా డాబా ఎక్కడం మానకు. చలికాలం రాత్రుళ్లు పిల్లలకోడి కనబడుతుంది, మీ అమ్మమ్మని అడిగితే చూపిస్తుంది. కృత్తికలు అంటారు. యోబు గ్రంథంలో దేవుడు యోబుని అడిగింది వాటి గురించే, "కృత్తిక నక్షత్రములను నీవు బంధింపగలవా?" అని. మన కంటికి ఆరో ఏడో కనబడతాయి. 1610లో గెలీలియో దూరదర్శినిలో చూసి అక్కడే ముప్పైకి పైగా లెక్కపెట్టాడు. వాటి వెలుగు మనల్ని చేరడానికి సుమారు 440 ఏళ్లు పడుతుంది. అక్బరు ఏలుతున్న రోజుల్లో బయల్దేరిన వెలుగు ఇవాళ నీ కంట్లో పడుతోంది. కీర్తన రాసిన దావీదుకి ఈ లెక్కలేవీ తెలియవు. మామూలు కళ్లతో చూసి "వాడేపాటివాడు?" అని మనిషి గురించి అడిగాడు. నువ్వు ఎక్కువ తెలుసుకుని అదే ప్రశ్న దగ్గరికి వచ్చావు. ఎనిమిదో కీర్తనలో ఆ ప్రశ్న ముందు మాట ఏమిటో చూడు, "నీవు మనుష్యుని జ్ఞాపకము చేసికొనుటకు". తనని ఎవరో జ్ఞాపకం పెట్టుకున్నారన్నదే దావీదుకి ఆశ్చర్యం. నాకు పదకొండేళ్ల వయసు నుంచి కావలసిందీ ఆ ఒక్క మాటే. మా తమ్ముడు ఎవరి జ్ఞాపకంలోనైనా ఉన్నాడా అని.

ఒక ఆదివారం మెదక్ వెళ్లు. హైదరాబాద్ నుంచి బస్సులో రెండు మూడు గంటలు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన గుడి అది. కరువు రోజుల్లో జనానికి పని, అన్నం దొరకాలని చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించాడు. బలిపీఠం వెనక రంగుటద్దాల కిటికీలో యేసు పరలోకానికి వెళ్లిన ఆరోహణ దృశ్యం ఉంది, 1927లో పెట్టారు. బయటి నుంచి చూస్తే ఆ అద్దం మసకగా ఉంటుంది. పగటిపూట లోపలికి వెళ్లి నిలబడాలి. అక్కడ కాసేపు ఏమీ ప్రార్థించకుండా కూర్చో. తర్వాత నాకు రాయి.

ప్రశ్న: అమ్మా, నేను కువైట్‌లో ఇంటి పనిలో ఉన్నాను, ఆరేళ్లయింది. పిల్లలిద్దరూ మా అమ్మ దగ్గర ఉన్నారు. ఇక్కడ నేనొక తప్పు చేశాను, ఏమిటో రాయలేను. ఇప్పుడు మానేశాను. కానీ ప్రార్థనకి కూర్చుంటే తల పైకి లేవడం లేదు. శుక్రవారం ఆరాధనకి మేడం పంపదు, ఫోన్లోనే వింటాను. పాస్టరుగారు "కన్నులెత్తి" అన్నప్పుడల్లా ఫోన్ కట్టేస్తున్నాను.

జవాబు: తల్లీ, లూకా సువార్త 18లో పన్నులు వసూలు చేసే సుంకరి ఉన్నాడు కదా. దూరంగా నిలబడి, ఆకాశం వైపు కన్నులెత్తడానికి ధైర్యం చాలక రొమ్ము కొట్టుకున్నాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతనే అని ప్రభువు చెప్పాడు. ఆ కథ చివరిదాకా చదువు. అతను తల ఎత్తినట్టు ఎక్కడా లేదు. ఎత్తితేనే క్షమిస్తానని ప్రభువు అనలేదు. ఇంకెప్పుడూ ఫోన్ కట్టేయకు.

ఇంకొకటి చెబుతాను. 123వ కీర్తనలో, ఆకాశంలో ఆసీనుడైన దేవునివైపు ఎలా చూడాలో చెప్పడానికి కీర్తన రాసినవాడు ఒక పోలిక వెతుక్కున్నాడు. రాజుని తీసుకోలేదు, యాజకుణ్ణి తీసుకోలేదు. దాసి కన్నులు యజమానురాలి చేతివైపు చూసినట్టు అన్నాడు. ఈ వాక్యం మీద నేను చాలా ప్రసంగాలు విన్నాను. నీ అంత బాగా ఎవరికీ అర్థం కాదు. మేడం చేయి ఇలా కదిలితే టీ, అలా కదిలితే పిల్లాణ్ణి ఎత్తుకోవాలి. నోటి మాట అక్కర్లేదు. ఆ చేయి ఒక్కోసారి దేనికి లేస్తుందో కూడా నీకు తెలిసి ఉంటుంది. దాసి మొహంలోకి చూడదు, చేతివైపు చూస్తుంది. నీకూ ఇప్పటికి అంత ఎత్తు చాలు తల్లీ, చేతి దాకా. మనం చూసే ఆ చేతిలో మేకుల గుర్తులున్నాయి. కరుణించేవరకు చూస్తామని ఆ కీర్తనలోనే ఉంది.

పిల్లల పేర్లు నాకు రాసి పంపు. బుధవారం రాత్రి ఏడున్నరకి మా ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన ఉంటుంది, మీకు అప్పుడు సాయంత్రం ఐదవుతుంది. టీ పెట్టే వేళ అంటావేమో, పెడుతూనే ఉండు. బందరు నుంచి నా చెల్లెలు కూడా ఫోన్లో కలుస్తుంది. నీ పిల్లల కోసం తనని ప్రార్థించమంటాను.